ఇక్కడ ఆగాలి, ఏడవకూడదు

నాకు గొంతెత్తకుండా చదవడం రాదు. రాదు అనే ఇన్నేళ్లూ అనుకున్నాను.

బడికి పోయి చదువుకున్నవాళ్లకు ఈ మాట నవ్వులాటగా ఉంటుంది. కళ్లతో చూస్తే సరిపోయేదానికి నోరెందుకు అంటారు. నాకు అక్షరం కంటబడితే చాలు, గొంతులోంచి బయటికి వచ్చేది. అదీ మామూలుగా కాదు, వీధి మలుపు దాకా వినబడేలా. బస్సు మీద ఊరి పేరు చదివితే పక్కనున్నవాళ్లు ఉలిక్కిపడేవాళ్లు. మందు డబ్బా మీద రాసింది చదివితే మెడికల్ షాపులో నిలబడ్డవాళ్లందరికీ మా ఇంటి రోగం తెలిసిపోయేది.

మాది సిరిసిల్ల పక్కనే తంగళ్లపల్లి. నాయిన సాంచాలు నడిపేవాడు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు. రేకుల షెడ్డులో వరుసగా సాంచాలు ఆడుతుంటే పక్కనున్న మనిషి చెవిలో అరిచినా సగమే అందుతుంది. అమ్మ అదే షెడ్డులో ఓ మూలన కండెలకు నూలు చుట్టేది. తమ్ముణ్ణి చూసుకోవడానికి నేను కావాలి కాబట్టి నన్ను బడికి పంపలేదు. దానికి నాకు వాళ్ల మీద కోపం లేదు. పంపలేకపోయినందుకే నాయిన నాకు తానే చదువు చెప్పాడు. సుద్దముక్కతో రేకు తలుపు మీద ఒక అక్షరం రాసి, పోగు తెగి ఆగిన సాంచా దగ్గరికి పోయేవాడు. ఆయన పోగు అతికి వచ్చేలోపు నేను దాన్ని చదవాలి. అక్కడి నుంచే చెవి ఇటు వంచేవాడు. వినబడకపోతే చేయి ఊపేవాడు.

"ఇనవడ్తలేదు బిడ్డా. మల్ల సదువు."

నాయిన లెక్కలో వినబడని అక్షరం చదవని అక్షరమే. అట్లా అక్షరాలు పదాలయ్యాయి, పదాలు భక్తి పుస్తకాలయ్యాయి, పుస్తకాలు పాత పేపర్లయ్యాయి. చదవడం అంటే అరవడమే అనుకుంటూ పెరిగాను.

అమ్మ మాత్రం ఎన్నడూ అరిచేది కాదు. ఆ మూల నుంచి ఊరికే పెదవులు కదిపేది. తమ్ముడు లేచిండు, అన్నం దించు, నాయినకు నీళ్లియ్యి. చప్పుడు లేని ఆ మాట నాకు అందేది. షెడ్డులో ఆడవాళ్లందరూ ఇట్లాగే ఒకరి మీద ఒకరు చాడీలు కూడా చెప్పుకునేవాళ్లు. కళ్లతో మాట వినడం నాకు అక్షరాల కంటే ముందే వచ్చింది. కానీ అది కూడా ఒక విద్యేనని నేనెప్పుడూ అనుకోలేదు.

పెళ్లయి కోరుట్లకు వచ్చాక బీడీలు చుట్టడం నేర్చుకున్నాను. మా వాడకట్టు ఆడవాళ్లందరం మధ్యాహ్నం పూట చాటలు ఒళ్లో పెట్టుకుని ఒకే అరుగు మీద కూర్చునేవాళ్లం. నేను ముందు పేపరు చదివి వినిపించి, తర్వాతే నా చాట ముట్టుకునేదాన్ని. నేను చదివినంతసేపు వాళ్లు తలా కొన్ని బీడీలు చుట్టి నా కట్టల్లో కలిపేవాళ్లు. చదువు నాకు పెట్టిన మొదటి తిండి అదే. ఆ అరుగు మీద ఉన్నంతకాలం నా గొంతు గురించి నాకు సిగ్గు తెలియదు.

పిల్లల్ని బడిలో చేర్పించమని టీచర్లు ఇల్లిల్లూ తిరిగే రోజుల్లో ఒక మధ్యాహ్నం మా బిడ్డ చదివే సర్కారు బడి ప్రిన్సిపాల్ మేడం మా వీధికి వచ్చారు. ఇంటర్ కూడా ఉన్న బడి కాబట్టి అక్కడి పెద్ద మేడంను ప్రిన్సిపాల్ అంటారు. రోజూ జగిత్యాల నుంచి బస్సులో వచ్చిపోయే మనిషి. నేను ధాన్యం ధర చదువుతుంటే అరుగు ముందు వచ్చి నిలబడ్డారు. వీధి మొదట్లోనే గొంతు వినబడిందని, రేడియో అనుకున్నానని అన్నారు. అందరూ నవ్వారు. ఏం చదువుకున్నావని నన్ను అడిగారు. ఏమీ చదువుకోలేదన్నాను.

"మరి చేతుల గిది ఏంది?" అన్నారు, నా పేపరు వైపు చూపించి.

నేను పేపరు మడిచి చాట కింద పెట్టుకున్నాను.

ఆ తర్వాత ఆమే నా వెంటపడి ఓపెన్ టెన్త్‌లో చేర్పించారు. ఆదివారం ఆదివారం అదే బడిలో మాకు క్లాసులు. కథలాపూర్ నుంచి వచ్చే ఒక ట్రాక్టర్ డ్రైవరు, ఇద్దరు ముగ్గురు బట్టల దుకాణం పిల్లలు, నాలాంటి తల్లులు కొందరు. మా వీధి అంగన్‌వాడీలో ఆయమ్మ పని ఖాళీ అవుతుందని, టెన్త్ పాసైతే నన్నే అడుగుతామని అక్కడి టీచరమ్మ మాటిచ్చింది. తంబాకు దుమ్ముకు నాకు దగ్గు పట్టుకుని చాలా రోజులైంది. ఆ చాట ఒళ్లోంచి దించాలంటే నాకు ఇది ఒక్కటే దారి. కొండగట్టు అంజన్నకు మొక్కుకుని చేరాను.

అదే ఏడు నా బిడ్డ కూడా టెన్త్. తల్లీబిడ్డలకు ఒకేసారి పరీక్షలు. మా ఇంటాయన దీన్ని తాను పనిచేసే రైస్ మిల్లులో గొప్పగా చెప్పుకున్నాడు. నా బిడ్డ ఎక్కడా చెప్పుకోలేదు.

ప్రీఫైనల్ పరీక్ష రోజున నా బండారం బయటపడింది. ప్రశ్నపత్రం చేతికివ్వగానే నేను మొదటి ప్రశ్న చదివాను. హాలంతా తలెత్తింది. జర మెల్లగా అన్నాడు సారు. మెల్లగా చదివాను. నా మెల్ల వాళ్లకు మెల్ల కాదు. ఇంకా మెల్లగా చదవబోతే అక్షరాలు కంటికి అల్లుకుపోయి ఒక్కటీ తలకెక్కలేదు. మళ్లీ గొంతు లేచింది. జవాబు రాస్తూ అది కూడా పైకే చదువుతున్నానట. బట్టల దుకాణం పిల్లవాడు నేను చెప్పింది చెప్పినట్టు రాసుకుంటున్నాడు. సారు వచ్చి నా పేపరు తీసుకున్నాడు.

"పెద్ద పరీక్షల గిట్ల చేసినవనుకో అమ్మా, పేపర్ గుంజుకోని బయటికి పంపుతరు. నువ్వు రాసుడే కాదు, పక్కోళ్లది గూడ పోతది."

నన్ను వరండాలో, చెప్పులు విడిచే చోట కూర్చోబెట్టి అక్కడ రాయమన్నారు. ఎదురుగా మైదానం. మైదానం అవతలి గదుల్లో రెగ్యులర్ టెన్త్ పిల్లలకు ఆదివారం స్పెషల్ క్లాసు నడుస్తోంది. నా గొంతు అక్కడికీ పోయింది. కిటికీల నిండా తలలు వచ్చాయి. ఒక కిటికీలో నా బిడ్డ ఉంది. పక్కన ఉన్న అమ్మాయి నా వైపు వేలు చూపించి ఏదో అడిగింది. నా బిడ్డ పెదవులు కదిలాయి.

ఎవలో. నాకు తెల్వది.

మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు, ఎండలో, ఆ మాట నాకు ఎంత తేటగా అందిందో ఇప్పటికీ అంతే తేటగా ఉంది. నేను తల దించుకుని, గొంతు దించుకోలేక, మిగతా పేపరు అరుస్తూనే రాశాను.

ఇంటికి వచ్చి ఆ సంగతి ఎత్తలేదు. పదిహేనేళ్ల పిల్ల. నాయిన నన్ను షెడ్డు ముందు నిలబెట్టి అక్షరాలు అరిపిస్తుంటే దారిన పోయేవాళ్లు నవ్వినప్పుడు నేనూ తలుపు వెనక్కి తప్పుకున్నదాన్నే. కొన్నాళ్లకు ఫేర్‌వెల్ పార్టీ వచ్చింది. ఓపెన్ వాళ్లను కూడా పిలిచారు మేడం. బిడ్డ నా ఉల్లిపొట్టు రంగు చీర ఇస్త్రీ చేసుకుంటూ, నా ముఖం చూడకుండా అన్నది.

"నువ్వు రాకే అమ్మా. గాడ అందరు మా దోస్తులే ఉంటరు."

సరేనన్నాను. నిజానికి నేను అప్పటికే మనసులో ఒక మాట గట్టి చేసుకున్నాను. పరీక్ష రాయను. నా నోరు నా మాట వినదు. నా వల్ల పక్కవాడి పేపరు పోతే ఆ పాపం ఎవరిది? కాని ఆ మాట మేడంకు చెప్పకుండా ఊరుకుంటే, అంత వెంటపడి చేర్పించిన మనిషికి అది న్యాయం కాదు. అందుకని పార్టీ నాడు బిడ్డ వెళ్లిన చాలాసేపటికి నేనూ వెళ్లాను. వెనకాల నిలబడి, అంతా అయిపోయాక మేడంను పక్కకు పిలిచి చెప్పి, ఎవరి కంటా పడకుండా వచ్చేద్దామని.

మైదానంలో షామియానా వేశారు. తొమ్మిదో తరగతి పిల్లలు ఏర్పాట్లన్నీ చూస్తున్నారు. ఆడపిల్లలందరూ చీరల్లో, నడవడం రాక కుచ్చిళ్లు పట్టుకుని ఉన్నారు. మగపిల్లలు తెల్ల చొక్కాలేసుకుని ఒకరి వీపు మీద ఒకరు సంతకాలు చేసుకుంటున్నారు. సరస్వతీదేవి పటం ముందు పెన్నుల పెట్టెలు పెట్టి ఉన్నాయి. ఏటా పరీక్షల ముందు మేడం కొండగట్టు పోయి ఆ పెన్నులు స్వామి ముందు పెట్టి తెస్తారు. మాట్లాడటం అయ్యాక ఒక్కొక్కరికి బొట్టు పెట్టి పెన్ను చేతికిస్తారు. వంట దగ్గర బగారా అన్నం వాసన వస్తోంది. నేను తల్లుల మధ్యలో, షామియానా గుంజ చాటున నిలబడ్డాను.

మేడం మాట్లాడే సమయానికి కరెంటు పోయింది.

మామూలు రోజైతే పర్వాలేదు. కాని వారం రోజులుగా స్పెషల్ క్లాసుల్లో అరిచి అరిచి మేడం గొంతు మూసుకుపోయింది. మైకు ఉంటే ఎట్లాగో గుసగుసగానైనా చెప్పేవారు. ఆమె రాసుకొచ్చిన కాగితం తెలుగు సారు తీసుకుని చదవబోయాడు. మెత్తటి మనిషి, గొంతు కూడా అంతే. రెండు వాక్యాలు కాకముందే వెనక వరుసల నుంచి మగపిల్లలు మొదలుపెట్టారు.

"ఇనవడ్తలేదు సార్!"

అది మా నాయిన మాట. నాకు తెలియకుండానే తలెత్తాను. అదే నేను చేసిన పొరపాటు. మేడం కళ్లు షామియానా అంతా వెతుకుతూ వచ్చి నా మీద ఆగాయి. చేయి ఊపి రమ్మన్నారు.

నేను కాదన్నట్టు తల ఊపాను. మళ్లీ రమ్మన్నారు. పక్కనున్న తల్లులు నన్ను ముందుకు తోశారు. పిల్లల వరుసల మధ్య నుంచి నడుస్తుంటే ఎవరో "గా వరండా ఆంటీ గదరా" అన్నారు. మూడో వరుసలో నా చీర కనబడింది. చీరలో ఉన్న తల కిందికి వాలిపోయి ఉంది.

మేడం కాగితం నా చేతికిచ్చారు. చదువుకున్నవాళ్లయితే ఏం చేస్తారు? ముందు ఒకసారి కళ్లతో చూసుకుంటారు. ఏముందో తెలుసుకుంటారు. నాకు ఆ వీలు లేదు. నా కళ్లు చూడటం, నా నోరు అనడం ఒకేసారి జరిగిపోతాయి. చదవడం మొదలుపెట్టాను.

"పిల్లలారా, రోజూ చెప్పిన మాటలు ఇవాళ చెప్పను. మార్కుల గురించి అసలే చెప్పను. మీకు ఒక అపాలజీ చెప్పాలి. అల్లరి చేసినవాళ్ల పేర్లే నాకు నోటికి వచ్చాయి. నెమ్మదిగా కూర్చున్నవాళ్లలో కొందరి పేర్లు ఈ రోజుకీ తడుముకుంటున్నాను. నెమ్మదిగా ఉన్న పిల్లలు నన్ను మన్నించాలి."

వెనక వరుసలు నిశ్శబ్దమైపోయాయి. నా గొంతు బడి గోడ దాకా పోయి తిరిగి వస్తోంది. వంటవాళ్లు కూడా గరిటెలు ఆపారు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

"ఆలస్యంగా వచ్చినవాళ్లకు గేటు మూయించింది నేనే. ఎండలో నిలబెట్టింది నేనే. కొందరు పొద్దున్నే పనికి పోయి వస్తారని తెలిసి కూడా నిలబెట్టాను. ఇకముందు మీరు ఎంత ఆలస్యంగా వచ్చినా గేటు తీసే ఉంటుంది. కానీ మీరు రారు. ఇక్కడ ఆగాలి. ఏడవకూడదు. నీళ్లు తాగాలి."

అదే గొంతుతో చదివాను. అదే జోరులో. ఏడవకూడదు అన్నది గోడ దాకా పోయి తిరిగి వచ్చింది.

మొదట ఒకరు నవ్వారు. తర్వాత మైదానమంతా నవ్వింది. నాకు ఎందుకో అర్థం కాలేదు. కాగితం వైపు చూశాను. ఆ చివరి మూడు మాటలు పక్కన సన్నగా పెన్సిల్‌తో రాసి ఉన్నాయి. మేడం తనకోసం తాను రాసుకున్నవి. పిల్లల ముందు ఎక్కడ గొంతు జీరపోతుందో ముందే తెలిసి, ఇంట్లో కూర్చుని తనకు తాను చెప్పుకున్న ధైర్యం అది. దాన్ని నేను ఊరందరికీ వినిపించాను.

మేడం వైపు చూడలేక చూశాను. ఆమె కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. కళ్లలో నీళ్లు ఉన్నాయి. దాచుకునే వీలు లేకుండా చేసింది నేను. నవ్వు మెల్లగా తగ్గింది. ముందు వరుసలో ఒక ఆడపిల్ల ఏడుపు మొదలుపెట్టింది, ఆ పక్కది, ఆ పక్కది. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి స్టీలు గ్లాసులో నీళ్లు తెచ్చి మేడంకు ఇచ్చింది. మళ్లీ నవ్వారు. నవ్వుతూ ఏడ్చారు. మేడం నీళ్లు తాగారు. చదువు, ఆపకు అన్నట్టు నాకు చేయి చూపించారు.

మిగతాది ఎట్లా చదివానో నాకు తెలియదు. చదివాను. నా చెవులు కాలిపోతున్నాయి. మూడో వరుస వైపు చూడలేదు. ఫోన్లు మాత్రం కనిపించాయి. చాలా చేతులు ఫోన్లు పైకెత్తి పట్టుకుని ఉన్నాయి.

అవ్వగానే కాగితం బల్ల మీద పెట్టి, బడి వెనక చేతులు కడుక్కునే నల్లాల దగ్గరికి పోయాను. ముఖం మీద నీళ్లు చల్లుకుంటూనే ఉన్నాను. స్వామీ, ఆ తల్లి నాకు మేలు తప్ప ఏం చేసింది, నా నోటితోనే ఆమెను నవ్వులపాలు చేయించావెందుకు అని అడుగుతున్నాను. అంతలో కరెంటు వచ్చింది. సౌండ్ బాక్సులు ఒక్కసారిగా మోగాయి. పిల్లలు డ్యాన్సులు మొదలుపెట్టారు. నేల అదిరేంత చప్పుడు. వెనక్కి తిరిగితే మేడం నిలబడి ఉన్నారు, చేతిలో ఒక పెన్ను.

నేను చేతులు జోడించాను. అనాల్సిందంతా ఒకేసారి అనేశాను. తప్పయింది మేడం, నేను పరీక్ష రాయను, నా నోరు నా చేతిలో లేదు, ఇవాళ మిమ్మల్ని తల దించుకునేలా చేసినట్టే రేపు హాలులో ఇంకొకరిని చేస్తాను అని. ఆమె తల అడ్డంగా ఊపుతూ పెదవులు కదిపారు. చప్పుడేమీ రాలేదు. ఆ పాటల మోతలో వచ్చినా వినబడేది కాదు.

"రాసింది నేను. సదివింది నువ్వు. నీ తప్పేముంది? నేనే బ్రాకెట్ పెట్టకపోతి."

"బ్రాకెట్ పెట్టినా సదువుతుంటి మేడం," అన్నాను.

ఆమె నవ్వారు. నవ్వుతూనే మళ్లీ పెదవులు కదిపారు. పెన్సిల్ రాతలు గోడకు వినిపించినదాన్ని నేను మా బడిలో నిన్నొక్కదాన్నే చూశాను అన్నారు. నెమ్మదిగా ఉన్న పిల్లల పేర్ల గురించి నేను చదువుతుంటే ఒక పిల్ల లేచి నిలబడి తన పేరు చెప్పిందట, నేనే కాగితంలో మునిగి చూడలేదట. నేను అన్నింటికీ జవాబులు చెబుతూ పోయాను. కొంతసేపటికి ఆమె ఆగి, నా ముఖంలోకి చూశారు.

"నాకు గొంతే లేదు. గా చప్పుడొకటి. నా మాట నీకెట్ల తెలుస్తున్నది?"

"సాంచాల కాడ మేం గిట్లనే మాట్లాడుకుంటం మేడం. మా అమ్మ గిట్లనే మాట్లాడేది."

"చప్పుడు లేకుంట?"

"చప్పుడెందుకు మేడం, పెదవులు సాలవా?"

అన్నాక నాకే ఏదో తగిలినట్టయింది. మేడం నన్నే చూస్తూ నిలబడ్డారు. తర్వాత నా చేయి పట్టుకుని, పెన్ను అందులో పెట్టి, వేళ్లు మూశారు.

"మరి గట్లనే సదువు," అన్నారు, చప్పుడు లేకుండా.

పెన్ను తెచ్చుకున్నానే కానీ నాకు నమ్మకం కలగలేదు. ఆ సాయంత్రానికే వీడియో ఊరంతా తిరిగింది. స్టేటస్‌లలో పెట్టుకున్నారు. సిరిసిల్లలో తమ్ముడి ఫోనుకు కూడా చేరింది. అమ్మ అది చూసి నాకు ఫోన్ చేసింది. గొంతు మంచిగా ఉన్నది బిడ్డా, నాయిన ఉంటే ఆగకుండా వింటుండె అన్నది. ఎందుకు నవ్వుతున్నారో అమ్మకు అర్థం కాలేదు. నేను చెప్పలేదు. మా అరుగు మీద మాత్రం అది ఊతపదం అయిపోయింది. కార్ఖానాలో ఎవరి బీడీలు బాగాలేవని పక్కన పడేసినా, చాట ఒళ్లో పెట్టుకుని అందరూ ఒకే రాగం. ఇక్కడ ఆగాలి. ఏడవకూడదు. నీళ్లు తాగాలి. వాళ్లు నవ్వినప్పుడల్లా మేడం కళ్లజోడు తీసిన చేయి గుర్తుకొచ్చేది. నేను చాటలోకి వంగిపోయేదాన్ని.

బిడ్డ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నేను పుస్తకం ముందేసుకుని పెదవులు కదుపుతూ తంటాలు పడుతుంటే, గడపలో నిలబడి చూసింది. కొంచెం సేపు సైలెంట్, అంతలో ఒక మాట గొంతు జారి వీధిలో పడుతోంది.

"గిదేంది?" అన్నది.

నల్లాల దగ్గర జరిగింది చెప్పాను. అది నా ఎదురుగా కూర్చుంది. టీవీ రిమోట్ చేతిలోకి తీసుకుంది. నా నోట్లోంచి చప్పుడు వచ్చిన ప్రతిసారీ నా వైపు చాపి బటన్ నొక్కేది.

"మ్యూట్ నొక్కిన. మల్ల మొదటికెళ్లి సదువు."

పెదవులు ఆడుతుండగా గొంతును ఆపడం ఏం కష్టమో, పడితేనే తెలుస్తుంది. ఏరు పారుతుంటే అరచేతులు అడ్డం పెట్టినట్టు ఉండేది. పుస్తకాన్ని పుస్తకంగా చూసినంతకాలం గొంతు లేచేది. ఒకనాడు అమ్మను తలుచుకున్నాను. షెడ్డులో ఆ మూలన కూర్చుని నా వైపే చూస్తోందనుకుని, ఈ పాఠం ఆమెకు చెబుతున్నాననుకున్నాను. గొంతు లేవలేదు. ఒక పేజీ అయింది. ఇంకో పేజీ అయింది. రిమోట్ బిడ్డ ఒళ్లో అట్లాగే ఉంది. అది నా పెదవులనే చూస్తోంది.

"నువ్వు సదివేది నాకు తెలుస్తలేదు," అన్నది. "నేనంటే నీకు తెలుస్తదా?"

తెలుస్తుందన్నాను. పరీక్ష పెట్టింది. చప్పుడు లేకుండా ఏవేవో అన్నది. ఆకలైతున్నది. నాయిన గురక. చింతపండు చారు. నేను అన్నీ చెప్పేస్తుంటే పడీ పడీ నవ్వింది. లేచి వీధి అవతలికి పోయి అక్కడి నుంచి అన్నది. అదీ చెప్పాను. నవ్వుతూ తిరిగి వస్తూ, గడప దాకా వచ్చేసరికి ఆగిపోయింది. నవ్వు ముఖం మీదే ఉండి, కళ్లలోంచి పోయింది.

"అమ్మా. ఇంక దూరముంటే గూడ తెలుస్తదా? మా గ్రౌండ్ అంత దూరం?"

దేవుడి దగ్గర అప్పుడే దీపం వెలిగించి ఉంది. ఆ దీపం ముందు నేను అబద్ధమాడాను.

"గంత దూరమైతే తెల్వది బిడ్డా."

అది నమ్మిందో లేదో నాకు తెలియదు. వచ్చి నా పక్కన కూర్చుంది. రిమోట్ తీసుకుని, దేనికీ కాకుండా, నా భుజం మీద మెల్లగా కొట్టింది. ఆ రాత్రి అన్నం తనే పెట్టింది. అప్పటి నుంచి నా చదువు అయ్యేదాకా అది తన పుస్తకం తెచ్చుకుని నా పక్కనే కూర్చునేది.

దాని పరీక్షలు ముందు అయిపోయాయి. మా ఓపెన్ వాళ్లకు ఎండలు ముదిరాక జగిత్యాలలో పడ్డాయి. మొదటి రోజు నాతో పాటు అది కూడా బస్సెక్కింది. కొండగట్టు పెన్ను బ్లౌజులో పెట్టుకున్నాను. హాలులో నాకు కిటికీ పక్క బల్ల వచ్చింది. పేపరు చేతికిచ్చారు. కళ్లు మూసుకుని నాయినకు దండం పెట్టుకున్నాను, ఇవాళొక్కరోజు వినబడకపోయినా చదివినట్టే లెక్కేసుకోమని. తర్వాత షెడ్డులో అమ్మ వైపు తిరిగాను. పెదవులు కదిపాను.

హాలు పర్యవేక్షణకు వచ్చిన సారు నా బల్ల దగ్గర ఆగాడు. నా నోటి వైపు చూశాడు. వంగి విన్నాడు. వినడానికి ఏమీ లేదు. ముందుకు పోయాడు.

మూడో పేజీలో ఒక ప్రశ్న దగ్గర నాకు ఏమీ తోచలేదు. చదివాను, మళ్లీ చదివాను. చదివే కొద్దీ గొంతులో ఏదో పైకి తోసుకొస్తోంది. ఇంకొక క్షణమైతే అరిచేదాన్నే. అప్పుడు నా పెదవుల మీదికి వచ్చినవి ఆ ప్రశ్నలోవి కావు, సన్నటి పెన్సిల్ రాతలో ఉన్న ఆ మూడు మాటలు. ఇక్కడ ఆగాలి. ఏడవకూడదు. నీళ్లు తాగాలి.

ఆగాను. సీసా మూత తీసి నీళ్లు తాగాను. ఆ తల్లి తనకోసం రాసుకున్నదాన్ని ఊరి నోట్లో పెట్టినందుకు మళ్లీ సిగ్గుపడ్డాను. అది ఇప్పుడు నాకే పనికొచ్చినందుకు ఇంకా సిగ్గుపడ్డాను. ఆ సిగ్గుతోనే ఆమెకు మనసులో దండం పెట్టుకుని, పెన్ను పట్టుకున్నాను.

గంట కొట్టేదాకా నా గొంతు బయటికి రాలేదు.

గేటు దగ్గర జనం. ఎండ. ఆటోల మోత. రోడ్డు అవతల జ్యూస్ బండి నీడలో నా బిడ్డ నిలబడి ఉంది. చుట్టూ ఎవరెవరో ఉన్నారు. నన్ను చూసి చేయి ఎత్తి, పెదవులు కదిపింది. ఎట్ల రాసినవ్?

పొద్దుటి నుంచి ఆపుకున్నదంతా ఒక్కసారిగా వచ్చేసింది.

"మంచిగ రాసిన బిడ్డా! ఎవ్వలికి ఇనవడలే!"

రోడ్డు మొత్తం తిరిగి నా వైపు చూసింది. ఆటో అతను హారన్ మీది చేయి తీశాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. చెవులు మళ్లీ కాలిపోయాయి. రోడ్డు అవతల నా బిడ్డ తల దించుకోలేదు. చేతిలో లేని రిమోట్‌ను నా వైపు చాపి, బొటనవేలితో ఒక నొక్కు నొక్కి, నవ్వుతూ రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చింది.